యాది తప్పినా మనసు తప్పదు

మనిషికి ఆస్తి ఏమిటని అడిగితే మా ఊళ్లో భూమి అంటారు. నన్నడిగితే యాది అంటాను. ఏ మడికి ఎన్ని నీళ్లు పట్టాలో, ఎవరి గెట్టు ఎక్కడిదాకనో, ఏ కరువులో ఎవరు ఆదుకున్నారో, ఇదంతా యాదే కదా! అది కరిగిపోతున్నదని తెలిసిన మనిషి గుండె ఎట్లా ఉంటుంది?

మాది హుస్నాబాద్ పక్క పల్లె. వ్యవసాయ కుటుంబం. మా తాత బాయికాడ మోటరు పెట్టి మర్చిపోవడం, ఎప్పుడో అమ్మిన ఎడ్లకు మేత వేయమనడం మొదలైంది. ఊరివాళ్లు ముసలితనం అన్నారు. "కావాలనే అడిగిందే అడుగుతుండు" అని నాయినమ్మ కసురుకునేది. చివరికి పట్నంలో ఒక దవాఖానలో పరీక్షలు చేసి డిమెన్షియా అన్నారు. ఆ మాట మా బాపుకు చెప్పారు. తాత బయట బెంచీమీదనే ఉన్నాడు. తిరుగు బస్సులో తాత నన్ను మెల్లగా అడిగాడు: "రోగం నాది గదరా, నాకెందుకు చెప్పరు?"

ఆ రాత్రి బువ్వ తిన్నంక బాపు ఆయన పక్కన కూర్చున్నాడు. "అయ్యా, నీకు యాదిమరుపు రోగమట. మెల్లగ పెరుగుతదట. గిది నీ తప్పు గాదు. మేమున్నం." తాత చాలాసేపు పలకలేదు. తర్వాత రెండే ప్రశ్నలడిగాడు: "పిచ్చోన్నయితనా? మీకు బరువయితనా?" దవాఖాన చీటీలో మందుల పేర్లున్నాయి గాని ఈ రెండు ప్రశ్నలకు మందు లేదు. అది ఇంట్లోవాళ్లే ఇవ్వాలి.

డిమెన్షియాలో ఎక్కువమందికి వచ్చేది అల్జీమర్ వ్యాధి. జర్మనీ వైద్యుడు ఆలోయిస్ అల్జీమర్ 1906లో దీన్ని తొలిసారి వివరించాడు. సాధారణంగా మెదడులోని హిప్పోకాంపస్ ముందుగా దెబ్బతింటుంది. అందుకే పొద్దున తిన్నది మరిచినా పాత కరువు యాదికుంటుంది. పూర్తిగా నయంచేసే మందు నేటికీ లేదు. ఇది చదువుకున్నవాళ్ల రోగమనీ, దొరల రోగమనీ అనుకోవద్దు. హైదరాబాదు నిమ్స్‌లో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 648 మంది డిమెన్షియా రోగులను పరిశీలించి 2013లో ప్రకటించిన అధ్యయనంలో అక్షరం రానివారు కూడా ఉన్నారు.

నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించింది మరొకటి. అమెరికాలో అయోవా విశ్వవిద్యాలయం వారు అల్జీమర్ రోగులకు సంతోషం, దుఃఖం కలిగించే సినిమా ముక్కలు చూపించారు. కొద్దిసేపటికే చూసింది మరిచిపోయారు. కాని ఆ సంతోషం, ఆ దుఃఖం మాత్రం వారిలో నిలిచే ఉన్నాయి. 2014లో వెలువడిన ఫలితమిది. అంటే మనం కసురుకున్న మాట మరుస్తారు, నొప్పి మిగులుతుంది. నవ్వించిన సంగతి మరుస్తారు, ఆ చల్లదనం మిగులుతుంది!

మిత్రులారా, మీ ఇళ్లల్లోనూ ముసలివాళ్లున్నారు. మరుపు కనిపిస్తే ముందు పరీక్ష చేయించండి. బి-12 విటమిను లోపం, థైరాయిడు లోపం వల్ల వచ్చే మరుపైతే చికిత్స ఉంది. డిమెన్షియా అని తేలితే ఆ మనిషికే నెమ్మదిగా చెప్పండి. నలుగురిలో "నేనెవరో చెప్పు" అని పరీక్ష పెట్టకండి. చేతనైన పని చేతిలోంచి గుంజుకోకండి. మా తాత ఇప్పటికీ విత్తనం చేతిలోకి తీసుకొని మంచిదో కాదో చెప్తాడు. భూమి సంగతులు, ఆయన ఇష్టాయిష్టాలు ఆయన చెప్పగలిగినప్పుడే అడిగి రాసుకుంటున్నాం. రాత్రింబవళ్లు కనిపెట్టుకునే నాయినమ్మకూ ఓదార్పు కావాలి. ఆమెను వారానికొకరోజు చిన్నమ్మ ఇంటికి పంపిస్తాం. మాట్లాడే దిక్కులేనివారు ప్రభుత్వ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఖర్చులేకుండా ఫోన్ చేయవచ్చు.

రోగాన్ని ఆపడం నా చదువుకు ఇంకా చేతగాదు. రోగి ఒంటరివాడు కాకుండా చూడడానికి మాత్రం ఏ డిగ్రీ అక్కరలేదు.