మదర్‌బోర్డు పోయిందంటే నమ్మను

మదర్‌బోర్డు పోయిందనే మాట అంత తేలిగ్గా ఎలా అనేస్తారో నాకు మింగుడుపడదు. ల్యాప్‌టాప్ ఎడమ పక్క యూఎస్‌బీ పోర్టులు రెండూ పనిచేయడం మానేశాయని మావాడు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, మూతైనా విప్పకుండా "బోర్డు మార్చాలండీ" అన్నారట. వాళ్లు చెప్పిన ఖరీదుకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుంది. వాళ్లకి కావలసిందీ అదే.

పనిచేయని పోర్టుల్లో చాలావాటికి ఏ రోగమూ ఉండదు. బ్యాటరీ ఆదా చేయడానికి విండోస్ వాటికి కరెంటు ఆపేస్తుంది, మళ్లీ ఇవ్వాల్సినప్పుడు ఒక్కోసారి ఇవ్వదు. డివైస్ మేనేజర్‌లో యూఎస్‌బీ రూట్ హబ్ ప్రాపర్టీస్ తెరిచి, పవర్ మేనేజ్‌మెంట్‌లో ఉన్న ఆ టిక్ తీసేస్తే చాలాసార్లు అక్కడితో సరిపోతుంది. ఇంకోటి, పోర్టు ఇచ్చేది 5 వోల్టులు. పాత 2.0 రకమైతే 500 మిల్లీయాంపులు, 3.0 అయితే 900. అంతకు మించి లాగే వస్తువేదైనా గుచ్చితే, లోపలున్న రక్షణ సర్క్యూట్ కరెంటు కట్ చేస్తుంది. అది పాడవడం కాదు, పాడవకుండా కాపాడుకోవడం. అన్నీ పీకేసి, ఆఫ్ చేసి, ఛార్జర్ తీసి, పవర్ బటన్ అర నిమిషం నొక్కి పట్టుకుని మళ్లీ ఆన్ చేయాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్‌డౌన్ చేసినా విండోస్ పూర్తిగా ఆగదు. అందుకే రీస్టార్ట్ కూడా ఒకసారి కొట్టి చూడాలి.

ఆఫీసు ల్యాప్‌టాప్‌ల సంగతి వేరు. మాధాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో పెన్‌డ్రైవ్‌లు పనిచేయకుండా కట్టడి చేయడం మామూలే. మౌస్ చక్కగా కదులుతూ పెన్‌డ్రైవ్ మాత్రమే కనబడకపోతే పోర్టుని అనుమానించకండి, ఐటీ వాళ్లని అడగండి.

మావాడిది ఇవేవీ కాదు. ఆల్విన్ చౌరస్తా దగ్గర సందులో, జిరాక్స్ షాపు పక్కన చిన్న బల్ల వేసుకుని ఒకబ్బాయి రిపేర్లు చేస్తాడు. విషయం చెప్పగానే అతను అడిగిన మొదటి ప్రశ్నకే నాకు సగం ధైర్యం వచ్చింది.

"రెండూ ఒక్కసారే పోయినయా సార్?"

"అవును."

"అయితే బోర్డు కాదు. కేబుల్ సూద్దాం."

ముందు టార్చి వేసి పోర్టు లోపల చూశాడు. నల్లటి ప్లాస్టిక్ నాలుక, దాని మీద నాలుగు సన్నటి బంగారు గీతలు. అంచుల్లో ఉన్న రెండూ కరెంటువి, మధ్యవి డేటావి. గుచ్చినప్పుడు ముందు కరెంటు తగిలి ఆ తర్వాతే డేటా అందాలని ప్లగ్గులో అంచులవి కాస్త పొడుగ్గా చేస్తారు. ఒక్కటీ వంగలేదు. అప్పుడు వెనక మూత విప్పాడు. ఎడమ పక్క పోర్టులు అసలు మదర్‌బోర్డు మీద లేనే లేవు. చిన్న వేరే బోర్డు మీద ఉన్నాయి. అక్కణ్ణుంచి పెద్దబోర్డుకి వెళ్లే తెల్లటి రిబ్బన్ కేబుల్ ఒక పక్కకి లేచి ఉంది. గోటితో లాచ్ ఎత్తి, కేబుల్ తీసి, కొసని స్పిరిట్‌తో తుడిచి, మళ్లీ పెట్టి నొక్కాడు. మౌస్ గుచ్చితే ఎర్రలైటు వెలిగింది. చాలా ల్యాప్‌టాప్‌లలో ఇలా పక్క బోర్డులుంటాయి. సర్వీస్ సెంటర్లో కూర్చున్న మనిషికి అది తెలియదా? తెలుసు. నాకు కోపం వచ్చేది అందుకే.

కీబోర్డుకొకటి, ప్రింటరుకొకటి, మౌస్‌కొకటి అని రకరకాల కన్నాలున్న రోజుల్లో అన్నిటికీ ఒక్కటే చాలని పట్టుబట్టినవాళ్లలో ముఖ్యుడు అజయ్ భట్. బరోడాలో చదువుకుని ఇంటెల్‌లో పనిచేసిన ఇంజనీరు. 1996లో యూఎస్‌బీ తొలి ప్రమాణం వచ్చింది. ఎవరైనా సులువుగా వాడుకోవాలని చేసిన వస్తువది. దాన్ని బాగుచేయడం కూడా అందరికీ అందుబాటులో ఉండాలి కదా.

ఆల్విన్ చౌరస్తా అన్నాను. మియాపూర్ మెట్రో దిగి కొండాపూర్ బస్సు కోసం పరిగెత్తే పిల్లలకి అది స్టాపు పేరు మాత్రమే. హైదరాబాద్ ఆల్విన్ అంటే 1942లో పుట్టిన కంపెనీ. బీరువాలు, బస్సు బాడీలు, ఫ్రిజ్‌లు, జపాన్ సీకో సాయంతో వాచీలు చేసింది. మా ఇంట్లో ఆల్విన్ ఫ్రిజ్ ఉండేది. తలుపు రబ్బరు మార్చారు, థర్మోస్టాట్ మార్చారు, కింద తుప్పు పడితే రేకు అతికి రంగు వేశారు. వచ్చిన ఏ మెకానిక్కూ కొత్తది కొనుక్కోమనలేదు. ఎండాకాలం మధ్యాహ్నాలు అందులోంచి తీసిన రస్నా గ్లాసు చెమటలు పట్టేది, అమ్మ దాని కింద పాత నోటుబుక్కు అట్ట పెట్టేది. నాన్నగారి చేతికి ఆల్విన్ వాచీ ఉండేది. అది ఇప్పటికీ నా దగ్గరుంది. కీ ఇచ్చే మర ఊడిపోయింది. సుల్తాన్‌బజార్‌లో పాత వాచీలు బాగుచేసేవాళ్ల దగ్గర దొరకొచ్చన్నారు, ఈ ఆదివారం వెళ్లి అడగాలి.