మోయబ్ దారిలో 41 పళ్ల లెక్క

అమెరికాలోని యూటా రాష్ట్రంలో మోయబ్ అనే చిన్న ఊరుంది. అక్కడ ఎర్రకొండల కంటే ముందు టైర్లు కనిపిస్తాయి. సిగ్నల్ దగ్గర మామూలు కారులో కూర్చుంటే పక్క బండి టైరు మన కిటికీ దాకా వస్తుంది. 33 అంగుళాలు, 35, 37, అప్పుడప్పుడు 40 కూడా. బాడీని అరడుగు పైకి లేపేసిన జీపులు, పికప్ ట్రక్కులు ఒంటినిండా ఎర్రమట్టి పూసుకుని కాఫీ షాపుల ముందు వరసగా నిలబడి ఉంటాయి. తెలుగు బైబిల్లో మోయాబు అని కనిపించే పేరే ఇది. జనాభా 5 వేల పైచిలుకు. ఈస్టర్ వారంలో మాత్రం రోడ్డు దాటడం కూడా కష్టం. 1967 నుంచి జరుగుతున్న ఈస్టర్ జీప్ సఫారీ కోసం దేశం నలుమూలల నుంచీ బండ్లు దిగుతాయి.

ఈ దారులేవీ టూరిస్టుల కోసం వేసినవి కావు. 1952లో చార్లీ స్టీన్ అనే భూగర్భ శాస్త్రవేత్తకి ఈ చుట్టుపక్కలే పెద్ద యురేనియం నిక్షేపం దొరికింది. అంతే, అదృష్టం వెతుక్కునేవాళ్లు జీపులేసుకుని ఎగబడ్డారు. కొండ అంచుల్లో, లోయ గోడల మీద బుల్డోజర్లతో దారులు గీశారు. గనులు మూతబడ్డాయి, దారులు మిగిలాయి. ఇప్పుడు రీల్స్‌లో మనం చూసే ఆ దారులు చాలావరకు ఖనిజం మోసిన లారీలవీ, అంతకుముందు పశువుల్ని తోలుకెళ్లిన కాపరులవీ.

మేం వెళ్లింది డెన్వర్ నుంచి. బావ సెకండ్ హ్యాండ్‌లో ఒక పికప్ కొన్నాడు. నాలుగంగుళాల లిఫ్ట్, 35 అంగుళాల టైర్లు, నల్లరంగు. ఫొటోలో చూస్తే ఎవరైనా పడిపోవాల్సిందే. అక్కకి మాత్రం మొదటి నుంచీ అనుమానమే. ఎక్కడానికి స్టూలు కావాల్సిన బండి ఎందుకు అని.

డెన్వర్ దాదాపు 5,280 అడుగుల ఎత్తులో ఉంటుంది. ఐ-70 హైవే మీద పడమరగా వెళ్తే 60 మైళ్లలో ఐసెన్‌హోవర్ టన్నెల్ దగ్గరికి 11,158 అడుగులు ఎక్కేస్తాం. గాలి పల్చబడుతుంది. మనకి ఆయాసం వచ్చినట్టే ఇంజిన్‌కీ వస్తుంది. టర్బో లేని ఇంజిన్ ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు 3 శాతం బలం పోగొట్టుకుంటుంది. అంటే టన్నెల్ దగ్గర 300 హార్స్‌పవర్ ఇంజిన్‌లో పనిచేసేది 200 చిల్లరే.

అక్కడ మొదలైంది బండి గోల. గేరుబాక్సు ఐదులోకి వెళ్తుంది, లాగలేక నాలుగుకి దిగుతుంది, ఒక్కసారిగా గర్రుమంటుంది, మళ్లీ ఐదు. మళ్లీ నాలుగు. ఆరో గేరు ఉందన్న సంగతే మర్చిపోయింది. గేరుబాక్సు ఆయిల్ టెంపరేచర్ ముల్లు మెల్లగా పైకి పాకుతోంది. వెనక ట్రైలర్ కట్టుకున్న ముసలాయన కూడా మమ్మల్ని దాటి వెళ్లిపోయాడు. టన్నెల్ దాటాక 7 శాతం వాలు. అక్కడ ఇంజిన్ బండిని పట్టి ఉంచాలి. మా బండి జారిపోతుంటే బావ బ్రేకు మీద కాలు తియ్యలేదు. బ్రేకులు ఫెయిలైన లారీల కోసం కట్టిన ఎస్కేప్ ర్యాంపులు కిటికీలోంచి చూసి అక్క ఒక్కమాట అంది. "అక్టోబర్‌లో అమ్మానాన్న వస్తారు. వాళ్లని ఈ బండిలో ఈ కొండ ఎక్కించేది లేదు."

అప్పుడు బావ ముందున్నవి రెండే దారులు. బండి అమ్మెయ్యడం, లేదా దాని కడుపులో ఏముందో చూడటం.

ఇక్కడ కాస్త లెక్క. భయపడకండి, ఎనిమిదో తరగతి లెక్కే. ఇంజిన్ తిరుగుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ ద్వారా యాక్సిల్ మధ్యలో ఉండే గుమ్మడికాయ లాంటి డబ్బాలోకి వస్తుంది. లోపల చిన్న పినియన్, పెద్ద క్రౌన్. విజయవాడ ఆటోనగర్‌లో ఏ లారీ మెకానిక్‌ని అడిగినా 'క్రౌన్ పినియన్' అని ఒకే మాటలా చెప్పేది దీన్నే. క్రౌన్‌కి 41 పళ్లు, పినియన్‌కి 11 ఉంటే 41ని 11తో భాగించండి: 3.73. అంటే షాఫ్ట్ 3.73 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. ఈ అంకె పెరిగేకొద్దీ లాగే బలం పెరుగుతుంది, పరుగు తగ్గుతుంది.

ఇప్పుడు టైరు పెద్దది చేశారనుకోండి. చక్రం ఒక్క చుట్టుకి ఎక్కువ దూరం పోవాలి. ఇంజిన్ అదే, గేరు అదే, మోసే పని మాత్రం పెరిగింది. చిన్నప్పుడు కాళ్లందని నాన్న సైకిల్‌ని ఎత్తు మీద తొక్కినట్టే. కంపెనీ ఈ బండికి ఇచ్చింది 31 అంగుళాల టైరు. డ్రైవర్ తలుపు దగ్గర స్టిక్కర్ మీద సైజు రాసే ఉంటుంది. దాని మీద 35 వేస్తే 3.73 కాస్తా 3.30 లాగా పనిచేస్తుంది. స్పీడోమీటర్‌ని సరిచెయ్యకపోతే అది 60 చూపించినప్పుడు బండి నిజానికి దాదాపు 68 మైళ్ల వేగంతో పోతుంటుంది. పోలీసు మాత్రం 68కే టికెట్ రాస్తాడు.

అమ్మినవాడు గేర్లు కూడా మార్చానన్నాడు. మోయబ్‌లో మోటెల్ పార్కింగ్‌లో తేల్చేశాం. ముందు చక్రాలకి రాళ్లు అడ్డం పెట్టి, వెనక యాక్సిల్ లేపి స్టాండ్ల మీద నిలిపి, గేరు న్యూట్రల్‌లో ఉంచి, రెండు వెనక చక్రాల్నీ నేనూ బావా ఒకేసారి సరిగ్గా ఒక్క చుట్టు తిప్పాం. షాఫ్ట్ మీద సుద్దగీత. ఫోన్ టార్చ్ వేసి అక్క లెక్కపెట్టింది. "మూడు... మూడుంపావు... మూడున్నర దాటింది... నాలుగు కాలేదు." మూడుముప్పావుకి కాస్త తక్కువ. పాత 3.73 అలాగే ఉంది.

నాన్న మాచర్ల డిపోలో ఆర్టీసీ డ్రైవర్‌గా చేశాడు. నిండు బస్సుని శ్రీశైలం ఘాట్ ఎక్కించిన మనిషి. వీడియో కాల్‌లో బావ సంగతంతా చెప్తే, "టైరు పెంచినోడు క్రౌన్ ఎందుకు మార్చలేదురా?" అని అడిగాడు. గూగుల్‌లో మేం రెండు గంటలు చదివింది ఆయన ఒక్క ముక్కలో అడిగేశాడు.

మర్నాడు షేఫర్ దారి. కాన్యన్‌ల్యాండ్స్ నేషనల్ పార్కులో పైనున్న పీఠభూమి నుంచి సుమారు 1,500 అడుగుల కిందికి మెలికలు తిరుగుతూ దిగే మట్టి రోడ్డు. రక్షణ గోడ లేదు. ఒక పక్క ఎర్రరాతి గోడ, ఇంకో పక్క ఆకాశం. అందం గురించి చెప్పమంటే చెప్తాను గానీ, ఆ దారిలో అందం చూసేది పక్కసీటు మనిషే. ఫోర్ వీల్ లో రేంజ్‌లో, మొదటి గేరులో పెట్టి బ్రేకు వదిలితే బండి తనంతట తాను పాకుతూ దిగాలి. మాది పాకలేదు, నడిచింది. ప్రతి మెలికకీ బ్రేకు. బావ మెడ మీద చెమట చూశాను.

ఆ తర్వాత రోజు ఊరి పైనున్న శాండ్ ఫ్లాట్స్‌కి మా బండి తీసుకెళ్లలేదు. అద్దెకి జీప్ రాంగ్లర్ రూబికాన్ తీసుకున్నాం. అక్కడి నేల అంతా ఒకప్పటి ఇసుక దిబ్బలు రాయిగా మారినవే. స్లిక్‌రాక్ అంటారు, అంటే జారుడు రాయి. ఇనప నాడాలేసిన గుర్రాలకి అది జారేది కాబట్టి ఆ పేరు. రబ్బరు టైరు మాత్రం దాన్ని బల్లిలా పట్టేస్తుంది. ఆటోమేటిక్ రూబికాన్‌లో మొదటి గేరు 4.71, లో రేంజ్ 4, యాక్సిల్ 4.10. మూడూ గుణిస్తే 77. ఇంజిన్ 77 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. బావ బండిలో ఇదే లెక్క 40 దగ్గర ఆగిపోతుంది. గోడలా నిలబడ్డ రాతిని ఆ జీపు ముసలమ్మ గుడి మెట్లు ఎక్కినట్టు ఎక్కింది. తొందర లేదు, జారడం లేదు. నా జీవితంలో బండి నడపడం అంత నెమ్మదిగా, అంత హాయిగా ఎప్పుడూ లేదు.

అక్కడే ఇంకో సంగతి కూడా కళ్లకి కట్టింది. లిఫ్ట్ బాడీని పైకి లేపుతుంది గానీ యాక్సిల్‌ని లేపదు. రాయికి తగిలేది ఆ గుమ్మడికాయ డబ్బానే. దాన్ని పైకి లేపేది టైరొక్కటే, అదీ సగమే. 31 నుంచి 35కి వెళ్తే నాలుగంగుళాలు పెరిగినట్టు కాదు, రెండే. లిఫ్ట్ చేసే అసలు పని పెద్ద టైరు ఫెండర్‌కి రాసుకోకుండా చోటివ్వడం.

తిరుగు ప్రయాణంలో గ్రాండ్ జంక్షన్ దాటేదాకా కారులో ఒకటే చర్చ. పాత తీరు తిరిగి రావాలంటే లెక్క తేలికే. 35ని 31తో భాగించి 3.73తో గుణిస్తే 4.21. ఆ అంకెతో గేరు దొరకదు. దొరికేవి 4.10, 4.56, 4.88. నాకు తెలిసి చాలామంది ఇక్కడే పప్పులో కాలేస్తారు. లెక్కకి దగ్గరగా ఉందని 4.10 కొంటారు. కానీ 35 టైరు ఎత్తే కాదు, బరువు కూడా. పైకి లేచిన బండికి ఎదురుగాలి ఎక్కువ. పైగా డెన్వర్‌లో ఉంటూ, నెలకోసారి ఆ టన్నెల్ ఎక్కేవాడికి సముద్రమట్టం లెక్క పనికిరాదు. కాబట్టి ఒక మెట్టు పైకి, 4.56. టాప్ గేరు 0.70 అనుకుంటే 65 మైళ్ల దగ్గర ఇంజిన్ పాత గేర్లతో 1,630 చుట్ల దగ్గర మూలుగుతుంది. 4.56తో దాదాపు 1,990. కంపెనీ ఇచ్చినప్పుడు 1,840 ఉండేది. 4.88 అయితే 2,130. రోజూ రాళ్లెక్కేవాడికి అది మంచిదే, కానీ బావ రోజూ వెళ్లేది ఆఫీసుకి. ఇంకోటి, అంకె పెరిగేకొద్దీ పినియన్ చిన్నదవుతుంది. 41కి 11, 41కి 10, 41కి 9. 4.88కి మామూలుగా 39కి 8. పళ్లు తగ్గిన పినియన్ అదే బరువుని సన్నని మెడతో మొయ్యాలి.

అక్క మూడో దారి కూడా చెప్పింది. 31 టైర్లే తిరిగి వేసెయ్యి, పైసా ఖర్చు లేదు. నిజం చెప్పాలంటే హైవే తప్ప ఇంకేదీ ఎక్కని పదిమందిలో తొమ్మిదిమందికి ఇదే సరైన సలహా. బావ పదో మనిషి. రెండు వేల డాలర్లు దాటింది ఖర్చు. ఫోర్ వీల్ డ్రైవ్ కదా, వెనకొక్కటీ మారిస్తే కుదరదు. ముందు, వెనక ఒకే అంకె ఉండాలి. లేకపోతే ఫోర్ వీల్‌లో పెట్టగానే ఒకదాన్నొకటి లాక్కుని ఏదో ఒకటి విరుగుతుంది. బయటికి ఏమీ కనిపించని పనికి అంత డబ్బా అని అక్క బిల్లు రెండుసార్లు చదివింది.

కొత్త గేర్లకి మొదటి 500 మైళ్లు బరువు కట్టకూడదు. తొలిరోజు పదిహేను ఇరవై మైళ్లు మెల్లగా తిప్పి, ఆపి, పూర్తిగా చల్లారనివ్వాలి. 500 తర్వాత ఆయిల్ మార్చాలి. స్పీడోమీటర్‌కి కొత్త అంకెలు నేర్పించాలి. బావ ఇవన్నీ పసిపిల్లాడికి టీకాలు వేయించినంత శ్రద్ధగా చేశాడు.

అక్టోబర్‌లో నాన్న ముందు సీట్లో కూర్చున్నాడు, అమ్మ వెనక. టన్నెల్ ముందు ఎక్కుడులో గేరుబాక్సు నాలుగులోకి దిగి అక్కడే నిలబడింది, ఊగలేదు. టెంపరేచర్ ముల్లు మధ్యలోనే ఆగింది. నాన్న రోడ్డు చూడట్లేదు, చెవి డాష్‌బోర్డు వైపు పెట్టి ఇంజిన్ వింటున్నాడు. అవతలి వాలులో బావ మూడో గేరుకి దించాడు. బ్రేకు మూడుసార్లే తొక్కాడు. లెక్కపెట్టింది అక్క.

మీరు వెళ్లాలనుకుంటే మార్చి నుంచి మే, లేదా సెప్టెంబర్, అక్టోబర్. ఎండాకాలం అక్కడ రెంటచింతలని గుర్తుచేస్తుంది. లిఫ్ట్ చేసిన బండి మీకు అక్కర్లేదు, ఊళ్లో అద్దెకి దొరికే జీపులకి గేర్ల లెక్క ముందే కుదిరి ఉంటుంది. దారి వదిలి నేల మీదికి వెళ్లకండి, ఆ నల్లటి గరుకు మట్టి పొర ప్రాణమున్నదే, ఒక్క టైరు గుర్తు పడితే కోలుకోడానికి ఏళ్లు పడుతుంది. షేఫర్ మెలికల్లో బండి ఎదురొస్తే పైకి ఎక్కేవాళ్లదే మొదటి హక్కు. కిందికి దిగే మీరే వెనక్కి వెళ్లి చోటివ్వాలి.