పిల్లిమొగ్గకూ ఓ లెక్కుంది!

పొద్దునంతా టమోటా పెట్టెలతో, లారీలతో కిక్కిరిసిపోయే మదనపల్లె సాయంత్రానికి కాస్త తెరిపిన పడుతుంది. హార్స్‌లీ కొండల వైపు నుంచి చల్లగాలి తిరుగుతుంది. ఆ వేళ ఏ ఖాళీ స్థలం వైపు తొంగిచూసినా... ఎవరో ఒక బుడతడు చేతులు నేలకానించి, తల వంచి, కాళ్లు గాల్లోకి లేపుతూ కనిపిస్తాడు. పిల్లిమొగ్గ! నేర్పిన గురువంటూ ఉండడు. చూసి నేర్చుకున్నదే. ఒకప్పుడు వీధిలో దొమ్మరాట చూసి నేర్చుకునేవారు, ఇప్పుడు సెల్‌ఫోన్లో చూసి. కాకపోతే దొమ్మరి పిల్లల పక్కన డోలు వాయిస్తూ ఓ పెద్దమనిషి ఉండేవాడు. పట్టు తప్పితే పట్టుకునేవాడు. సెల్‌ఫోను పట్టుకోదుగా!

మొదట ఉయ్యాల

మదనపల్లె అంటేనే చదువుల ఊరు. 1915లో మొదలైన బీసెంట్ దివ్యజ్ఞాన కళాశాల ఇక్కడిదే. ‘జనగణమన’ను రవీంద్రుడు 1919లో ఆంగ్లంలోకి మార్చిందీ అక్కడే. అక్షరాలు రాకుండా పద్యం రాయలేనట్టే, ఒళ్లు గుండ్రంగా చుట్టడం రాకుండా మొగ్గ వేయకూడదు. అందుకే మొదటి పాఠం ఉయ్యాల. పరుపు మీద వెల్లకిలా పడుకుని, మోకాళ్లు గుండెలకు హత్తుకుని, గడ్డం ఛాతీకి ఆనించి ముందుకూ వెనక్కూ ఊగాలి. అది అలవాటయ్యాకే అసలు మొగ్గ.

గొంతుక్కూర్చుని, రెండు అరచేతులూ భుజాలంత ఎడంగా నేలకు ఆనించాలి. గడ్డం ఛాతీకి తగలాలి, చూపు బొడ్డు మీదుండాలి. గడ్డం కింద చేతిరుమాలు పెట్టి జారకుండా చూసుకుంటే అదే గుర్తుచేస్తుంది. నడుము పైకి లేపి, కాళ్లతో మెల్లగా నెట్టాలి. బరువంతా చేతులదే. నడినెత్తి నేలను తాకకూడదు. ముందు తాకాల్సింది మెడ కింద, భుజాల వెనక భాగం. అక్కణ్నుంచి వీపు చక్రంలా దొర్లి, మడమలు పిరుదుల దగ్గరికి రాగానే చేతులు ముందుకు చాచి లేచి నిలబడటమే.

పుంగనూరు ఆవంత ఎత్తు

మదనపల్లెలో బస్సెక్కితే గంటలోపే పుంగనూరు. ఊరి పేరు చెప్పగానే గుర్తొచ్చేది పొట్టి ఆవు. ఎత్తు సుమారు మూడడుగులే. మూడడుగులే కదా అనుకుంటాం కానీ, అంత ఎత్తు నుంచి పడినవారికి మెడకు దెబ్బ తగిలి ఉండొచ్చని అనుమానించి మరీ పరీక్షిస్తారు వైద్యులు. గడ్డివామి మీది నుంచి పల్టీ కొట్టే పిల్లలకు ఈ లెక్క తెలియాలి. వామి మెత్తగానే ఉంటుంది, సమంగా ఉండదు. అందులో దాగిన కట్టెపుల్లా, రాయీ కనిపించవు.

అందుకే తావు చూసుకోవాలి. సిమెంటు నేల, మిద్దె, మంచం అంచు పనికిరావు. చదునైన పచ్చిక మీద మందపాటి చాప పరిస్తే మేలు. కొంచెం వాలుగా ఉన్నచోట మొదలుపెడితే మొగ్గ తేలిగ్గా పడుతుంది. పక్కన ఓ పెద్దవారు మోకాళ్ల మీద కూర్చుని, ఒక చెయ్యి తల వెనక, ఇంకో చెయ్యి తొడ వెనక పెట్టి సాయపడాలి. మెడను మాత్రం నెట్టకూడదు. మొగ్గ కుదిరాకే చేతుల మీదుగా పక్కకు తిరిగే బండిచక్రం. గాల్లో తిరిగే పల్టీలు శిక్షకుడు లేకుండా వద్దే వద్దు.

ఆరితేరినవారికే తప్పలేదు. 1978లో ప్రపంచ విజేతగా నిలిచిన సోవియట్ జిమ్నాస్ట్ ఎలెనా ముఖినా, 1980లో మాస్కో ఒలింపిక్స్‌కు కొద్దిరోజుల ముందు సాధనలో పల్టీ తప్పి గడ్డం మీద పడింది. మెడ విరిగింది. ఇరవయ్యేళ్ల ఆ అమ్మాయి మళ్లీ లేచి నడవలేదు. అలాగని ఆట మానేయాలా? 2016 రియో ఒలింపిక్స్ వాల్ట్‌లో దీపా కర్మాకర్ నాలుగో స్థానం సాధించింది. 2018లో మెల్‌బోర్న్ ప్రపంచకప్‌లో మన హైదరాబాద్ అమ్మాయి బుద్దా అరుణారెడ్డి కాంస్యం తెచ్చింది. భయం కాదు, క్రమం కావాలి.

మూడు పేర్లు, ఒకటే మెడ

పలమనేరు, వి.కోట దాటి వెళితే కుప్పం. అటు కర్ణాటక, ఇటు తమిళనాడు. ద్రావిడ విశ్వవిద్యాలయం 1997లో ఇక్కడే వెలసిందంటే ఊరికే కాదు. బజారులో నాలుగడుగులు వేస్తే మూడు భాషలు వినిపిస్తాయి. మన పిల్లిమొగ్గ తమిళంలో కుట్టికరణం, కన్నడంలో లాగ. పేరేదైనా, మొగ్గ వేసేటప్పుడు కాపాడుకోవాల్సింది మాత్రం ఆ ఒక్క మెడనే.

పొరపాటున పిల్లవాడు తల కిందులుగా పడి మెడ నొప్పన్నా, చేతులూ కాళ్లూ తిమ్మిరెక్కాయన్నా లేపి కూర్చోబెట్టకూడదు. నీళ్లు తాగించడం, మెడ తిప్పి చూడటం అసలే వద్దు. పడినవాణ్ని పడినట్టే కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేయాలి. సరిహద్దుకు ఏ పక్కన పడినా ఫర్వాలేదు... మూడు రాష్ట్రాల్లోనూ నంబరు అదే!

ఈ ఆదివారం ఇంట్లో బుడతడు మొగ్గ వేస్తానంటే కసురుకోకండి. చాప పరిచి పక్కనే కూర్చోండి. ‘గడ్డం లోపలికి’ అని ఒక్క మాట గుర్తుచేయండి. వాడికి కావలసిన గురువు అప్పటికి మీరే!