లెవెల్ క్రాస్‌లో చూచిన రెక్కల కారు

అమెరికా అనగానే మనకు ఆకాశమంటే మేడలు గుర్తుకు వస్తాయి. మేము చూచి వచ్చినది అటువంటి చోటు కాదు. ఉత్తర కరోలినా రాష్ట్రములో లెవెల్ క్రాస్ అనే చిన్న పల్లె అది. చార్లెట్ నగరములో మా జిల్లా నుండి వెళ్ళి స్థిరపడిన ఒక కుటుంబము మమ్మల్ని పిలిచింది. వారి అబ్బాయికి కొత్తగా లైసెన్సు వచ్చింది. "అయ్యగారూ, రేపు మీకు ఒక కారు చూపిస్తాను, రండి" అన్నాడు. కారు చూడడానికి గంటన్నర ప్రయాణమా అని మేము దంపతులము ఒకరి ముఖము ఒకరము చూచుకున్నాము. వారి ఇంటి ముందే మూడు కార్లున్నాయి గదా!

పెద్ద రోడ్డు దిగిన తరువాత దారి వెంట పైన్ చెట్లు, గడ్డి పొలములు, చిన్న చిన్న దేవాలయములు. కుర్రవాడు వేగముగా నడుపుతుంటే మా ఇంటావిడ "బాబూ, నెమ్మది" అని రెండుసార్లు అన్నది. రెండుసార్లూ తగ్గించాడు, మళ్ళీ పెంచాడు.

లెవెల్ క్రాస్ పెట్టీ కుటుంబము వారి ఊరు. తండ్రి లీ పెట్టీ, 1949లో కోతయంత్రము పెట్టుకొనే పాకలో కార్ల పని మొదలుపెట్టాడు. ఆయనే 1959లో మొదటి డేటోనా 500 పందెము గెలిచాడు. కుమారుడు రిచర్డ్ 1937లో పుట్టాడు, మొత్తము 200 పందెములు గెలిచాడు. వారి మ్యూజియము కొంతకాలము పక్క ఊరైన రాండల్‌మన్‌లో ఉండి, 2014లో ఈ పాత ప్రాంగణమునకే తిరిగి వచ్చింది. ఏ పాకలో పని జరిగిందో ఆ నేల మీదే నిలబడి చూడడము మాకు బాగుంది.

లోపల ఉన్నది ఆ కారు, ప్లిమత్ సూపర్‌బర్డ్, 1970 నాటిది. మొదట చూచినప్పుడు నవ్వు వచ్చిందని ఒప్పుకోవాలి. పద్దెనిమిది అడుగులు దాటిన పొడవు. ముందు కొంగ ముక్కులాగా కోసుగా సాగిన మూతి. వెనుక కారు కప్పును మించిన ఎత్తులో, రెండు స్తంభముల మీద నిలిపిన రెక్క. రంగు లేత నీలము. ఒకప్పుడు నీలము చాలక తెలుపు కలిపితే వచ్చిన రంగట అది, దాన్నే వారు తమ గుర్తుగా ఉంచుకున్నారు. తలుపు మీద 43 అంకె.

ఆ ముక్కు, ఆ రెక్క సోకు కొరకు పెట్టినవి కావు. గాలిని చీల్చుకొని పోవడానికి ముక్కు, అంత వేగములో వెనుక చక్రములు నేలను విడువకుండా అదిమి పెట్టడానికి రెక్క. దీనికి అన్నవంటి డాడ్జ్ డేటోనా, 1970 మార్చిలో టాలడేగా పందెపు బాట మీద గంటకు 200 మైళ్ళు దాటింది. మన లెక్కలో 322 కిలోమీటర్లు!

దీని పుట్టుక వెనుక ఒక అలుక ఉన్నది. రిచర్డ్ పెట్టీ 1967లో ప్లిమత్ కారు మీద 27 పందెములు గెలిచాడు. ప్లిమత్, డాడ్జ్ రెండూ క్రైస్లర్ సంస్థవే. గాలిని చీల్చే కొత్త నమూనా డాడ్జ్‌కు ఇచ్చి తనకు ఇవ్వకపోయేసరికి, 1969లో ఆయన ఫోర్డ్‌కు వెళ్ళిపోయాడు. ఆయనను తిరిగి రప్పించడానికే సూపర్‌బర్డ్ చేశారని అందరూ చెబుతారు. ఆయన వచ్చాడు కూడా.

అయితే అప్పట్లో పందెపు నియమము ఒకటి ఉండేది. పందెములో దిగే నమూనాను మామూలు ప్రజలకు కూడా అమ్మవలసి ఉండేది. అందుచేత 1,900కు పైగా కార్లు చేశారు. వెనుక అద్దము దగ్గర మార్చిన చోట అతుకులు నున్నగా చేయడానికి తీరిక లేక, కప్పు మీద నల్లని వినైల్ తొడుగు వేశారు. మన దర్జీ కుట్టు దాచినట్లే! రోడ్ రన్నర్ అనే కార్టూన్ పక్షి బొమ్మ అంటించారు. ఆ పక్షి కూతలాగే "బీప్ బీప్" అనే హారను పెట్టారు. ఇంజను ఏడు లీటర్లది. మన పాత అంబాసిడరుది ఒకటిన్నర లీటరు, మీరే పోల్చుకోండి.

ఇంత చేసినా కొనేవారు కరువైనారు. పాలకూ పిల్లల బడికీ తిరిగే కారుకు ఆ ముక్కు ఎందుకు? కొన్ని కార్లు షాపుల వెనుక నెలల తరబడి పడి ఉన్నాయి. 1971లో రెక్కల కార్లకు అయిదు లీటర్ల ఇంజనే ఉండాలని నియమము పెట్టడముతో పందెములోనూ వాటి కథ ముగిసింది. ప్లిమత్ అనే పేరే 2001తో ఆగిపోయింది. కొత్తలో సుమారు 4,300 డాలర్లకు వచ్చిన ఈ కారు, హెమీ అనే పెద్ద ఇంజను గలది, 2022లో ఒక వేలములో పదిలక్షల డాలర్లు దాటి పలికింది. హెమీ పెట్టినవి 135 వరకే ఉండడము దానికి కారణము. కొన్నవారు దాన్ని నడుపుతారా? చాలామంది గదిలో పెట్టి గుడ్డ కప్పుతారు. పరుగెత్తడానికే పుట్టినదానికి అదేమి బ్రతుకో మాకు అర్థము కాలేదు.

వేగమునకు ఆ ఇల్లు చెల్లించిన వెల కూడా ఇక్కడ కనిపిస్తుంది. 1970 మేలో డార్లింగ్టన్‌లో రిచర్డ్ కారు పల్టీలు కొట్టింది, ఆయన చెయ్యి కిటికీలోనుండి బయటికి వ్రేలాడింది. ఆయన బ్రతికాడు. ఆ తరువాతనే డ్రైవరు కిటికీకి వల తప్పనిసరి చేశారు. మనుమడు ఆడమ్ నాలుగవ తరము వాడు. 2000 ఏప్రిల్‌లో ముత్తాత లీ కన్నుమూశాడు. మేలో న్యూ హాంప్‌షైర్‌లో సాధన చేస్తూ ఆడమ్ చనిపోయాడు, వయస్సు 19. అతని తలంపు నెరవేర్చుటకు, దీర్ఘవ్యాధులు గల పిల్లల కొరకు రాండల్‌మన్‌లో తాతగారు ఇచ్చిన భూమిలో 2004లో ఒక శిబిరము తెరిచారు. దాని పేరు విక్టరీ జంక్షన్. పిల్లల యొద్ద డబ్బు తీసుకోరు. ఆడమ్ ఫోటో ముందు మా కుర్రవాడు చాలాసేపు నిలిచాడు, ఏమీ అనలేదు.

బయట బెంచీ మీద ఒక పెద్దాయన కూర్చొని ఉన్నాడు. ఆయన యాస మాకు పట్టుబడక అబ్బాయి తెలుగులో చెప్పాడు. వయస్సులో ఉన్నప్పుడు ఆయన ప్లిమత్ కార్లు అమ్మే షాపులో మెకానిక్కట. అమ్ముడుపోని సూపర్‌బర్డ్ ఒకదానికి, యజమాని చెప్పినందున, తానే ముక్కు, రెక్క విప్పి మామూలు రోడ్ రన్నర్ మూతి బిగించాడట. అప్పట్లో అలా చేసినవారు ఇంకా ఉన్నారట.

"ఆ ముక్కు ఏమైంది?" అని అడిగించాము.

షాపు వెనుక గడ్డిలో రెండేండ్లు పడి ఉండి, తరువాత పాత ఇనుముకు పోయిందన్నాడు.

"ఇప్పుడు బాధగా ఉంటుందా?"

ఆయన నవ్వాడు. "బాధ ఎందుకు? ఆ రోజు మేమంతా సంతోషించాము. ఆ శనివారమే కారు అమ్ముడుపోయింది" అన్నాడు.