చెప్పిన మాట వినే పేషెంట్లు

మా వృత్తిలో గొడవంతా మామూలుగా మాట వినని వాళ్లతోనే. షుగరు పేషెంటుకి రోజూ అరగంట నడవమని చెబితే "అలాగేనండీ" అంటాడు, మూడు నెలల తర్వాత అదే షుగరుతో అదే కుర్చీలో కూర్చుంటాడు. దూరపు పరుగుల వాళ్లు దీనికి పూర్తిగా ఎదురు. వాళ్లతో నేను ఆచితూచి మాట్లాడతాను, చెప్పింది చెప్పినట్టు చేసేస్తారు కాబట్టి. ఆరు వారాలు ఆగమంటే, ఆరు వారాలు నిండిన మర్నాడు తెల్లవారకముందే నెక్లెస్ రోడ్డు మీద ఉంటారు. ఈ వారం 40 కిలోమీటర్లు అని కోచ్ రాసిస్తే జ్వరంతోనైనా పూర్తి చేస్తారు. ఆదివారం రాత్రికి 38 దగ్గర ఆగిపోయి ఉంటే, అపార్ట్‌మెంటు చుట్టూ తిరిగి ఆ మిగతా రెండూ లెక్కలో వేస్తారు. నా దగ్గరికి వచ్చే రన్నర్ల జబ్బుల్లో చాలావాటికి మూలం ఈ వినయమే. అందుకే నొప్పి ఎక్కడ అని అడగడానికి ముందు, ఎవరు చెబితే చేస్తున్నారు అని అడుగుతాను. కోచా, చేతి వాచీనా, వాట్సాప్ గ్రూపా?

ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ కష్టమైన పరుగని రన్నర్లు చెప్పుకుంటారు. పీపుల్స్ ప్లాజా దగ్గర మొదలై గచ్చిబౌలి స్టేడియంలో ముగిసే దారి అది. మధ్యలో ఫ్లైఓవర్లు ఎక్కాలి, దిగాలి. దానికి తోడు వానాకాలపు ఉక్క. పట్టిన చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు. మెడికల్ టెంట్‌లో మాకు ఎక్కువగా తగిలేవి పిక్కలు పట్టేయడం, పాదాల మీద బొబ్బలు, వాంతులు. ముందు వరసలో దూసుకొచ్చేవాళ్లతో మాకు పెద్దగా పని ఉండదు. ఐదు గంటలు దాటాక వచ్చేవాళ్ల మీదే నా కన్ను.

అలా వచ్చిందొకావిడ. నలభై దాటిన సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, మొదటి ఫుల్ మారథాన్. మెడలో మెడల్ ఉంది కానీ తను ఎక్కడుందో సరిగ్గా చెప్పలేకపోతోంది. తలనొప్పి, వాంతి. వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకుపోయింది. పక్కనున్న కుర్ర వాలంటీరు అప్పటికే ఓఆర్ఎస్ గ్లాసు పట్టుకుని ఉన్నాడు. ఇంకెవరో "గ్లూకోజు ఎక్కించండి సార్, నీరసం" అన్నారు. మన ఊళ్లలో ఆ సీసా మీద ఉన్న నమ్మకం దేవుడి మీద కూడా లేదు. ఆవిడకి ఆ రోజు గ్లూకోజు సీసా ఎక్కించి ఉంటే ఫిట్స్ వచ్చే ప్రమాదం ఉండేది. వేలు పొడిచి తీసిన రక్తంలో సోడియం 124 ఉంది. ఉండాల్సింది 135 నుంచి 145 మధ్య. ఒంట్లో నీరు తక్కువై కాదు, ఎక్కువై పడిపోయిన మనిషి ఆవిడ. మూడు శాతం ఉప్పు ద్రావణం 100 మిల్లీలీటర్లు ఎక్కించాం. కాసేపటికి నన్ను పేరు అడిగింది.

తర్వాత తీరిగ్గా అడిగితే తెలిసింది. దాహం వేయకముందే తాగాలని గ్రూపులో చెప్పారట. ప్రతి నీళ్ల స్టాల్ దగ్గరా రెండేసి గ్లాసులు తాగింది, ఒక్కటీ వదల్లేదు. ఆ సలహా గ్రూపు వాళ్లు పుట్టించింది కాదు. ఒకప్పుడు మారథాన్‌లో నీళ్లు ముట్టకుండా పరిగెత్తడమే గొప్పగా ఉండేది. 1996 నాటికి అమెరికా స్పోర్ట్స్ మెడిసిన్ కాలేజీ గంటకు 600 నుంచి 1200 మిల్లీలీటర్ల దాకా, తాగగలిగినంతా తాగమంది. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షించి చూస్తే 13 శాతం మందిలో సోడియం తగ్గి ఉంది. పరుగు ముగిసేసరికి బరువు పెరిగినవాళ్లకి, నాలుగు గంటలు దాటినవాళ్లకి ముప్పు ఎక్కువని తేలింది. 42 కిలోమీటర్లు పరిగెత్తి బరువు పెరగడం అంటేనే ఏదో తేడా ఉందని అర్థం కదా! ఇప్పుడు నేను చెప్పేది ఒక్కటే: దాహమైతే తాగండి. ఇంత చిన్న సలహా అంటే వాళ్లకి నచ్చదు. "ఎన్ని ఎంఎల్ సార్?" అంటారు.

నీళ్ల మీద ఇన్ని ప్రశ్నలుంటే, బూట్ల మీద అంతకు రెండింతలు. కార్బన్ ప్లేటు ఉన్నది కొనాలా, మడమ ఎత్తు ఎంతుండాలి, ఎన్ని కిలోమీటర్లకి మార్చాలి. తరచుగా కాళ్లకి టేపు చుట్టుకుని బూట్లు లేకుండా పరిగెత్తిన శివ్‌నాథ్ సింగ్ 1978లో జలంధర్‌లో 2 గంటల 12 నిమిషాలకి మారథాన్ ముగించాడు. నాలుగు దశాబ్దాలకు పైగా ఆ జాతీయ రికార్డు చెక్కుచెదరలేదు. ఈ సంగతి చెబితే నవ్వేసి, మళ్లీ బూట్ల దగ్గరికే వస్తారు.

బూట్ల కన్నా నన్ను కలవరపెట్టేది తిండి. మహబూబాబాద్ వైపు నుంచి ఒకమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. ఇంటర్ రెండో ఏడు, 5000 మీటర్ల పరుగు, నెలలో స్టేట్ మీట్. మోకాలి కింద ముందెముక మీద నొప్పి. ఎక్కడమ్మా అంటే ఒక వేలితో చూపించింది. ఆ వేలే నాకు సగం రిపోర్టు. అరచెయ్యంత మేర నొప్పి అని చేత్తో రాసి చూపిస్తే ఎముక పైపొర, కండరాల తాలూకు వాపు అనుకుంటాం. రూపాయి బిళ్లంత చోటు చూపిస్తే ఎముక చిట్లిందేమో అని అనుమానించాలి. ఎక్స్‌రేలో ఏమీ లేదు. మొదటి వారాల్లో తరచుగా కనబడదు. ఎమ్మారైలో కనబడింది.

"నెలసరి సరిగ్గా వస్తోందా?" అన్నాను. అమ్మాయి వాళ్లమ్మ వంక చూసింది. వాళ్లమ్మ నేల వంక చూసింది. ఎనిమిది నెలలుగా లేదు. "ఉరికే పిల్లలకు గట్లనే అయితదట సారూ, సీనియర్లు చెప్పిన్రు" అంది తల్లి. ఆగిపోయిందంటే ట్రైనింగ్ బాగా పడుతున్నట్టే అని హాస్టల్లో ఒక మాట ఉందట. ప్రతి సోమవారం బరువు చూస్తారు. కిలో పెరిగితే కోచ్ అందరి ముందూ అంటాడు. అమ్మాయి రాత్రి అన్నం మానేసింది. మానేసిన మొదటి మూడు నెలల్లో టైమింగ్ బాగుపడింది కూడా. చిక్కంతా అక్కడే. బరువు తగ్గగానే కాళ్లు తేలికవుతాయి, టైమింగ్ తగ్గుతుంది, చెప్పింది నిజమేనని పిల్ల నమ్ముతుంది. లోపల జరిగేది వేరు. ఖర్చుకి సరిపడా తిండి రాకపోతే మెదడు ముందు ఆపేసేది సంతానానికి సంబంధించిన పనిని. అండాశయాలకి వెళ్లే సంకేతాలు తగ్గుతాయి, ఈస్ట్రోజెన్ పడిపోతుంది, ఎముకకి కాపలా పోతుంది. ఆ వయసు ఎముక బలం కూడబెట్టుకునే వయసు. ఇది ఆడపిల్లలకే పరిమితం కాదని, మగపిల్లల్లో కూడా ఉంటుందని చెబుతూ 2014లో అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిపుణులు దీనికి రెడ్-ఎస్ అని పేరు పెట్టారు.

ఊళ్లో ఒకరు నెలసరి రావడానికి మాత్రలు రాసిచ్చారు. ఆ మాత్రలు ఆపితే రక్తస్రావం వస్తుంది, ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకుంటారు, ఎముక మాత్రం అలాగే ఉంటుంది. నేను మాత్రలు మాన్పించి రాత్రి అన్నం రాశాను. చీటీ మీద నిజంగానే రాశాను: అన్నం, పప్పు, గుడ్డు, పెరుగు, పడుకునే ముందు పాలు. రాసిస్తేనే తింటుందని తెలుసు.

కోచ్‌ని రమ్మంటే వచ్చాడు. తిడదామనే అనుకున్నాను. ఆయన బుద్ధిగా కూర్చుని అంతా విని, "మమ్మల్నీ ఇట్లనే తయారు చేసిన్రు సార్" అన్నాడు. తిట్టడానికి నోరు రాలేదు. సోమవారం బరువులు ఆపేస్తానన్నాడు. ఆపాడో లేదో నాకు తెలియదు. అమ్మాయి ఆ ఏడు స్టేట్ మీట్‌కి వెళ్లలేదు. నాలుగు కిలోలు పెరిగి నెలసరి తిరిగొచ్చాక మెల్లగా పరుగు మొదలుపెట్టింది. మొదట్లో పాత టైమింగ్ రాక ఏడ్చింది.

విశ్రాంతి అన్న మందు అందరికీ ఒకే ధరకి దొరకదు. గచ్చిబౌలి రన్నర్‌కి ఈ ఏడు వద్దంటే నెలరోజులు ముఖం మాడ్చుకుంటాడు, వచ్చే ఏడు మళ్లీ బిబ్ కొంటాడు. కానిస్టేబుల్ సెలక్షన్లకి 1600 మీటర్లు ఉరకాల్సిన కుర్రాడు ఎదురుగా కూర్చుని, పదహారు రోజుల్లో ఈవెంట్స్ ఉన్నాయంటే ఏం చెబుతాం? వయసు పరిమితి దాటిపోతోంది, మళ్లీ నోటిఫికేషన్ ఎప్పుడో! అతనికి రెండు కాళ్లలో అరచెయ్యంత నొప్పి. పరుగు సగానికి తగ్గించి, రోజు విడిచి రోజు మట్టి మీద, మిగతా రోజులు సైకిలు అని చెప్పి పంపాను. అదే నొప్పి తొడ మొదట్లో, గజ్జల దగ్గర ఉండి ఉంటే మాత్రం కాళ్లు పట్టుకున్నా ఒప్పుకునేవాణ్ని కాదు. తొడ ఎముక మెడ దగ్గరి చీలిక పూర్తిగా విరిగిందంటే ఇరవై రెండేళ్లకే తుంటి పాడయ్యే ప్రమాదం ఉంది. పరుగు ముందు నొప్పి మాత్రలు మింగనని అతని చేత ఒట్టు వేయించుకున్నాను. ఒంట్లో నీరు తగ్గి కిడ్నీకి రక్తం తక్కువగా అందే సమయంలో ఆ మాత్రలు చేసే చెరుపు అంతా ఇంతా కాదు. కోకాకోలా రంగులో మూత్రం పోస్తున్నానంటూ వచ్చే రన్నర్లు చాలామంది ఆ రోజు పొద్దున ఒకటి వేసుకున్నవాళ్లే.

చివరగా, వాచీ మాట విన్న ఒకాయన సంగతి. యాభై రెండేళ్లు, సిగరెట్ లేదు, పొట్ట లేదు, నాలుగు గంటల లోపు మారథాన్ లక్ష్యం. ఛాతీలో నొప్పి లేదు. రోజూ ఎక్కే ఫ్లైఓవర్ మీద కిలోమీటరుకి నలభై సెకన్లు వెనకపడుతున్నాడని వాచీ చెబుతోంది. ఫిట్‌నెస్ తగ్గిందని అదే వాచీ తేల్చింది. ఈయన ట్రైనింగ్ పెంచాడు. ఇంకా వెనకపడ్డాడు. వేగం తగ్గడానికి కారణమేమీ కనబడనప్పుడు రన్నర్‌లో అదొక గుండె లక్షణం కావచ్చు. మామూలు మనిషికి మెట్లు ఎక్కితే ఆయాసం వచ్చినట్టు, వీళ్లకి అది సెకన్లలో బయటపడుతుంది. ట్రెడ్‌మిల్ పరీక్ష మధ్యలో ఆపేయాల్సి వచ్చింది. యాంజియోగ్రామ్‌లో ముఖ్యమైన రక్తనాళం బాగా మూసుకుపోయి ఉంది. స్టెంట్ వేశారు.

పరుగే గుండెకి చేటు అని ఆయన బంధువులు తీర్పిచ్చేశారు. అమెరికాలో 2000 నుంచి పదేళ్లపాటు కోటీ తొమ్మిది లక్షల మంది మారథాన్, హాఫ్ మారథాన్ రన్నర్ల లెక్క తీస్తే గుండె ఆగిపోయింది 59 మందికి. ఈ లెక్క చెప్పినా వాళ్లు వినలేదు. ఆయన మాత్రం విన్నాడు, అదీ తనకి కావలసినంత మేరకే. కార్డియాలజిస్టు గ్రీన్ సిగ్నల్ ఇచ్చాక నా దగ్గరికొచ్చి, "ఆగస్టుకి ఇంకా టైముంది కదండీ" అన్నాడు. బేరమాడి 10కె దగ్గర ఆపాను, గుండె వేగం ఎంత దాటకూడదో రాసిచ్చాను. రాసిచ్చింది ఆయన పాటిస్తాడు, నాకు తెలుసు. ఆయన భార్యకే నమ్మకం లేదు. తనూ అదే 10కెకి పేరు ఇచ్చింది, ఆయన పక్కనే పరిగెత్తుతుందట. వాచీ మాత్రం ఆవిడ చేతికే ఉంటుంది.