అక్షరాలకు టి.సి. ఎవరిస్తారు?

బదిలీ ఉత్తర్వు వచ్చిన రోజు ఇంట్లో ఏం జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. ఫ్రిజ్ వస్తుంది, మంచాలు వస్తాయి, తులసి మొక్క మాత్రం పక్క క్వార్టర్ వాళ్లకు వెళ్తుంది. మీ చేతికి టి.సి. ఇస్తారు. నాకిది ఐదో ఊరు. కోటా అనగానే మా బంధువులు "ఐఐటి కోచింగా?" అంటారు. వాళ్లననుకుని ఏం లాభం, ఇంటర్నెట్‌లో వెతికినా ముందు వచ్చేది రాజస్థాన్ కోటాయే. మన కోటా బిలాస్‌పూర్ నుంచి కట్నీ వెళ్లే లైన్లో ఉంది. స్టేషన్‌కు ఆ పేరు కూడా లేదు, కర్గీ రోడ్ అంటారు.

సామాన్లన్నింటిలోకీ ప్యాకింగ్‌కు లొంగనిది తెలుగు. మా ఏడో తరగతి అబ్బాయి ఒకడు కాకినాడలో ఉన్న అమ్మమ్మకు "నాన్నకు కళ్లు నొప్పి" అని ఫోన్లో మెసేజ్ పెట్టాడు, ఇంగ్లిషు అక్షరాల్లో. కె, ఎ, రెండు ఎల్‌లు, యు. ఆవిడ కాళ్లనుకుని ఉప్పు కాపడం పెట్టమంది. ఆ ఐదు అక్షరాలకు మూడో అర్థం ఒకటుంది. తాతగారికి అదే తోచిందట గాని, అల్లుడి సంగతి కదా, పైకి అనలేదు.

"తెలుగులోనే టైపు చేయకపోయావా?" అన్నాను.

"ఫోన్లో తెలుగు వస్తుందా సర్?" అన్నాడు.

వస్తుంది. కానీ అది రావడం వెనక పెద్ద కథే ఉంది. నేను ఇక్కడికి వచ్చిన మొదటి ఏడు మన పత్రికకు పదకొండు మంది పిల్లలు తెలుగులో రాశారు. పాత ఊళ్లో తెలిసిన డి.టి.పి. ఆయనతో టైపు చేయించాను. బిలాస్‌పూర్ ప్రెస్సులో ఆ ఫైలు తెరిస్తే స్క్రీన్ నిండా డాలర్లు, స్టార్లు, బ్రాకెట్లు. ప్రెస్సు ఆయన ఎంతో మర్యాదగా "సర్‌జీ, ఇది ఏ భాష?" అని అడిగాడు. ఆ ఏడు తెలుగు పేజీలు లేకుండానే పత్రిక వచ్చింది. పిల్లల కాగితాలు నా బీరువాలో ఉండిపోయాయి.

అసలు జరిగేదేమిటంటే, పాతకాలపు ఫాంట్లలో ఇంగ్లిషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు గీసి పెడతారు. కంప్యూటర్ దృష్టిలో అది ఇంగ్లిషే, తెలుగు వేషం వేసుకుంది. ఆ ఫాంటు లేని ఊరికి వెళ్లగానే వేషం ఊడిపోతుంది. పైగా ఒక్కో కంపెనీది ఒక్కో వేషం. యూనికోడ్ ఈ నాటకాన్ని ఆపింది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటుంది, 128 గళ్లు. 'అ'కు అందులో ఒక నంబరు ఇచ్చారు. కోటాలోనైనా కాలిఫోర్నియాలోనైనా అదే నంబరు. మన సిలబస్‌లాగే, ఏ ఊరు వెళ్లినా మారదు.

నంబరుంటే చాలదు, బొమ్మ గీసేవాళ్లు కావాలి. తిరుమల కృష్ణ దేశికాచార్యులు గారు 'పోతన' ఫాంటు చేసి అందరికీ ఉచితంగా ఇచ్చారు. తర్వాత సిలికానాంధ్ర ద్వారా మరెన్నో వచ్చాయి. వాటి పేర్లు చూడండి: పెద్దన, తిమ్మన, ధూర్జటి, తెనాలి రామకృష్ణ. రాయలవారి పేరనా ఒకటుంది. సభ మొత్తం పెన్‌డ్రైవ్‌లో కూర్చుంటుంది. వీటిని ఎవరైనా వాడుకోవచ్చు, పంచిపెట్టవచ్చు, మార్చుకోవచ్చు. ఫాంటునొక్కదాన్నే అమ్ముకోవడం మాత్రం కుదరదు.

"అంటే క్రాక్ చేసిన గేమ్ లాంటిదేగా సర్!" అన్నాడు మా వాడు. కాదు నాయనా. అది టికెట్ లేని ప్రయాణం, ఇది పాస్ మీద ప్రయాణం. రైల్వే పాస్ మీ ఇంట్లోవాళ్లకే పనికొస్తుంది, ఈ పాస్ ఊరందరిదీ. ఇంగ్లిషులో 'ఫ్రీ' అంటే ఉచితమా, స్వేచ్ఛా అని వాళ్లకు వాళ్లే తికమక పడతారు. మనకు రెండు మాటలూ విడివిడిగా ఉన్నాయి. హైదరాబాద్‌లో ఈ సాఫ్ట్‌వేర్ కోసం పనిచేసే సంస్థ తన పేరే 'స్వేచ్ఛ' అని పెట్టుకుంది.

తాళం వేసి ఉంచిన సాఫ్ట్‌వేర్ సంగతి 2018 ఫిబ్రవరిలో బయటపడింది. 'జ్ఞా' అనే అక్షరంలో కంటికి కనపడని గుర్తు ఒకటి ఇరికించి పంపితే, ఐఫోన్‌లో దాన్ని చూపించబోయిన యాప్ కుప్పకూలేది. అంత ఖరీదైన ఫోను జ్ఞానాన్ని భరించలేకపోయిందన్నమాట! కొంటె కుర్రాళ్లు ఆ అక్షరాన్ని తమ పేర్లలో పెట్టుకుని తిరిగారు. కంపెనీ ఆ నెలలోనే సరిచేసింది, నిజమే. అప్పటిదాకా తెలుగు తెలిసినవాళ్లు బయట నిలబడి చూడాల్సిందే. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌లోనూ తప్పులు బోలెడుంటాయి, తాళం మాత్రం ఉండదు. చేతనైనవాళ్లు లోపలికి వెళ్లి బాగుచేయవచ్చు.

ఈ ఏడు తెలుగు పేజీలు మేమే మన కంప్యూటర్ గదిలో యూనికోడ్‌లో టైపు చేశాం. ఫాంటు కూడా పెన్‌డ్రైవ్‌లో వేసి ప్రెస్సుకు ఇచ్చాను. "దీనికెంత సర్‌జీ?" అన్నాడాయన. ఏమీ ఇవ్వక్కర్లేదంటే నమ్మలేదు. ఇంతకాలం అక్కడి తెలుగువాళ్ల పెళ్లిపత్రికలు చేతిరాతను స్కాన్ చేసి వేసేవాడట.

బీరువాలోని పదకొండూ ఇందులో ఉన్నాయి. రాసినవాళ్లలో నలుగురు ఈలోగా బదిలీ అయిపోయారు. ఎవరిది వాళ్లకు ఫైలు పంపాను. గువాహటిలో తెరుచుకుంది, జోధ్‌పూర్‌లో తెరుచుకుంది, నాగపూర్ అమ్మాయి ఒక అచ్చుతప్పు కూడా పట్టుకుంది. నాలుగో వాడు ఇంకా జవాబు రాయలేదు.