చెస్ట్‌నట్ చెట్టు కింద నిమ్మసోడా

తాటిచెట్టు కింద కూర్చుని పాలు తాగినా కల్లే అంటారని మన పెద్దవాళ్ళ సామెత. మరి చెస్ట్‌నట్ చెట్టు కింద కూర్చుని పులిహోర తింటే ఏమంటారు? జర్మనీలోని మ్యూనిక్‌లో అయితే ఎవరూ ఏమీ అనరండీ. పైగా పక్క బల్ల వాళ్ళు "ఆ పసుపు అన్నం ఏమిటి?" అని అడిగి, ఓ చెంచాడు రుచి కూడా చూస్తారు.

అక్కడ వాటిని బీర్ గార్డెన్‌లంటారు. పేరు వినగానే మొహం చిట్లించుకోకండి. మన సారా కొట్టులా ఉండదు. నేల మీద గులకరాళ్ళు, పైన గొడుగు పట్టినట్టు చెట్లు, పొడుగాటి చెక్క బల్లలు. అమ్మమ్మలు, చంటిపిల్లల తల్లులు, స్కూలు పిల్లలు అందరూ ఉంటారు. పిల్లలు ఆడుకోవడానికి ఓ పక్కన ఉయ్యాలలూ జారుడుబల్లలూ. జూన్ నెలలో అక్కడ రాత్రి తొమ్మిది దాటినా వెలుతురు పోదు. ఇంట్లో వంట ముగించుకుని సంచీ సర్దుకుని జనం అక్కడికి చేరతారు.

ఇంతకీ ఆ చెట్లెందుకో తెలుసా? 1539లో బవేరియా పాలకులు ఎండాకాలంలో బీరు కాయకూడదని కట్టడి చేశారు. ఏప్రిల్ చివరి నుంచి సెప్టెంబరు చివరి దాకా పొయ్యి వెలిగించకూడదు. నిప్పు ప్రమాదం ఒకటి, వేడికి బీరు పాడవడం ఒకటి. అందుకని చలికాలంలోనే కాచి నేలమాళిగల్లో ఐసు పెట్టి దాచేవారు. ఆ మాళిగలు చల్లగా ఉండాలని పైన వెడల్పాటి ఆకుల చెస్ట్‌నట్ చెట్లు నాటారు. వాటి వేళ్ళు లోతుకు పోవు కాబట్టి కింద కట్టడానికి బాధ లేదు. నీడ ఉన్నచోటికి జనం రాక మానతారా? వచ్చారు, అక్కడే కూర్చుని తాగడం మొదలెట్టారు. దాంతో ఊళ్ళో పూటకూళ్ళ వాళ్ళ వ్యాపారం దెబ్బతిని రాజుగారికి మొరపెట్టుకున్నారు. 1812లో రాజు మాక్స్ జోసెఫ్ మధ్యేమార్గంగా ఓ తీర్పు చెప్పాడు. మాళిగల వాళ్ళు బీరు అమ్ముకోవచ్చు, రొట్టె తప్ప తిండి మాత్రం అమ్మకూడదు. అలా జనం తిండి ఇంటి నుంచే కట్టుకెళ్ళడం అలవాటైంది.

ఇప్పుడు అక్కడ తిండి కూడా అమ్ముతారు. అయినా పాత అలవాటు పోలేదు. 1999లో వచ్చిన నిబంధనల ప్రకారం మన తిండి మనం తెచ్చుకోనివ్వాల్సిందే. ఒక్క గుర్తు పెట్టుకోండి. గుడ్డ పరిచి ఉన్న బల్లలు వడ్డన చేసేవి, వాటి జోలికి పోకూడదు. ఉత్త చెక్క బల్లల దగ్గర కూర్చుని మన డబ్బాలు విప్పుకోవచ్చు. తాగేది మాత్రం అక్కడే కొనాలి. నిమ్మసోడానో, ఆపిల్ రసంలో సోడా కలిపిందో కొనుక్కుంటే చాలు.

నన్ను ఆకట్టుకున్నది వాళ్ళ ముల్లంగి. తెల్ల ముల్లంగిని చాకుతో చుట్టలు చుట్టలుగా, తెగకుండా, స్ప్రింగులా కోస్తారు. మధ్య మధ్య ఉప్పు చల్లి కాసేపు ఉంచితే ఘాటంతా నీరై కారిపోతుంది. దాన్ని రొట్టెతో తింటారు. మనమైతే సాంబారులో తప్ప ముల్లంగి వంక చూడం. ఇలా చేసి పెరుగన్నంలో నంజుకు చూడండి, బాగుంటుంది.

ఇక అసలు సంగతి. ఎండలకి అక్కడ ఎక్కువగా తాగేది రాడ్లర్. సగం బీరు, సగం తియ్యటి నిమ్మసోడా. రాడ్లర్ అంటే సైకిలు తొక్కేవాడని అర్థం. మ్యూనిక్‌కి దక్షిణాన డైసెన్‌హోఫెన్ అనే ఊళ్ళో కుగ్లర్ ఆల్మ్ అనే తోట ఉంది. 1922 జూన్‌లో ఓ శనివారం వేలమంది సైకిళ్ళ మీద అక్కడికి వచ్చిపడ్డారట. బీరు చాలదని యజమాని ఫ్రాంజ్ కుగ్లర్ కంగారుపడి, అమ్ముడుపోకుండా పడి ఉన్న నిమ్మసోడాను సగానికి సగం కలిపేశాడట. "మీరు తూలకుండా సైకిలు తొక్కుకుంటూ ఇంటికి వెళ్ళాలనే ఇలా కలిపాను" అని చెప్పాడని కథ. అయితే 1912లో అచ్చయిన లెనా క్రిస్ట్ అనే రచయిత్రి జ్ఞాపకాల పుస్తకంలోనే ఈ పానీయం పేరు ఉంది. కాబట్టి కుగ్లర్ దాన్ని ఊరూరా పాకించి ఉంటాడు గానీ, కనిపెట్టింది ఆయన కాదు. చారులో నీళ్ళు పోసి పదిమందికి సరిపెట్టడం మనకి కొత్తా ఏమిటి!

2023 వేసవిలో మా తమ్ముడు వాళ్ళింట్లో నెలరోజులున్నాను. అప్పుడే మా మేనల్లుడికి పదహారు నిండాయి. అక్కడి చట్టం ప్రకారం పదహారేళ్ళకి బీరు కొనుక్కోవచ్చు. పుట్టినరోజుకి స్నేహితులొస్తారు, ఇంట్లోనే రాడ్లర్ కలిపి ఇద్దామన్నాడు తమ్ముడు. "దొంగచాటుగా తాగే కంటే మన కళ్ళ ముందు నయం కదా అక్కా" అన్నాడు. మా మరదలు ఏమీ అనలేదు. రెండు రోజులు అసలు మాటే లేదు.

మూడో రోజు నిమ్మకాయలు పిండుతూ నాతో చెప్పింది. వాళ్ళది నెల్లూరు జిల్లా. చిన్నప్పుడు వాళ్ళ నాన్న కూలి డబ్బులు సారా కొట్టులో ఇచ్చి వస్తే, వాళ్ళమ్మ పక్కింట్లో గంజి అడిగి పిల్లలకి పోసేదట. 1992లో దూబగుంట ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారన్న కబురు తెలిసి, వాళ్ళమ్మ కూడా చీపురు పట్టుకుని వీధిలోకి వెళ్ళిందట. "నాకప్పుడు తొమ్మిదేళ్ళు వదినా. అమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్ళాను. ఇప్పుడు నా చేత్తో నా కొడుక్కి ఎలా కలిపి ఇవ్వను?" అంది.

తమ్ముడికి ఆ గంజి సంగతి పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో ఎప్పుడూ చెప్పలేదట. "నాకు కాదు, అతనికి చెప్పు" అన్నాను. ఆ రాత్రి చెప్పింది. మర్నాడు పిల్లాణ్ణి కూర్చోబెట్టి తనే అడిగింది, "పద్దెనిమిది నిండేదాకా ఇంట్లో వద్దు. బయట తాగితే మాత్రం వచ్చి నాకు చెప్పాలి. తిట్టను" అని. వాడు కాసేపు ఆలోచించి "నిజంగా తిట్టవా?" అన్నాడు. "తిట్టను. బాధపడతాను, అంతే" అంది. పుట్టినరోజు నాడు బల్ల మీద పెట్టింది ఆల్కహాలు లేని రాడ్లరే. పిల్లలు తెచ్చిన జగ్గు తెచ్చినట్టే ఖాళీ చేశారు.

పండ్ల రసం కలిస్తే బీరు కాస్తా షర్బతు అయిపోదు సుమా! బీరులో 5 శాతం ఆల్కహాలు ఉంటే, సగానికి సగం కలిపినప్పుడు రెండున్నర శాతం ఉంటుంది. అరలీటరు రాడ్లర్ తాగితే పావులీటరు బీరు తాగినట్టే. మన దగ్గర స్ట్రాంగ్ అని అమ్మేవి 8 శాతం దాకా ఉంటాయి. వాటిలో సగం సోడా పోసినా 4 శాతం మిగులుతుంది. తియ్యగా ఉంటుంది కాబట్టి ఎంత తాగామో తెలియదు. గర్భిణులకి, మందులు వాడేవాళ్ళకి, బండి నడిపేవాళ్ళకి పనికిరాదు. చక్కెర జబ్బున్నవాళ్ళకి పంచదార మరో బాధ. 'ఆల్కహాలు లేనిది' అన్న సీసాల్లో కూడా అక్కడ అరశాతం దాకా ఉండొచ్చు, బొత్తిగా వద్దనుకుంటే 0.0 అని రాసినది చూసుకోవాలి.

మా మరదలు చేసిన పద్ధతి చెబుతాను. ఒక కప్పు పంచదార, ఒక కప్పు నీళ్ళు మరిగించి దించండి. వేడిగా ఉండగానే అంగుళం అల్లం దంచి వేయండి. ఒక నిమ్మకాయ పైతొక్క పల్చగా చెక్కి వేయండి, తెల్లటి భాగం వస్తే చేదు. పూర్తిగా చల్లారాక వడకట్టి, ఆరు నిమ్మకాయల రసం, చిటికెడు ఉప్పు కలపండి. రసం పొయ్యి మీద పోయకూడదు, రుచి మారుతుంది. ఫ్రిజ్‌లో వారం ఉంటుంది. పండ్ల రుచి కావాలంటే అరకప్పు నల్లద్రాక్ష రసమో దానిమ్మ రసమో చేర్చండి. అక్కడ రాస్బెర్రీలు వేస్తారు.

గ్లాసులో రెండు పెద్ద చెంచాల పాకం, చల్లటి సోడా 150 మిల్లీలీటర్లు పోయండి. ఆపైన గ్లాసు వంచి, అంచు వెంబడి అంతే కొలత 0.0 బీరు మెల్లిగా పోయాలి. అలా పోస్తే నురుగు పొంగి బల్ల మీద పడదు. గరిటెతో తిప్పకండి, గ్యాసు పోతుంది. ఐసు ముక్కలు వేస్తే నీళ్ళగా అవుతుంది, బదులుగా ద్రాక్షపళ్ళు ఫ్రీజర్‌లో గడ్డకట్టించి వేయండి.

ఆ సీసా ఇంట్లోకే వద్దనుకునేవాళ్ళకి మన బార్లీ ఉండనే ఉంది. బీరుకి మూలం కూడా అదే కదా! రెండు పెద్ద చెంచాల బార్లీ బాణలిలో దోరగా వేయించి, నాలుగు కప్పుల నీళ్ళలో అరగంట ఉడికించి వడకట్టండి. బాగా చల్లబరిచి బీరు స్థానంలో పోయండి. వేయించడం వల్ల కమ్మటి వాసన వస్తుంది. మిగిలిన గింజలు పారేయకండి, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, పెరుగు కలిపి తాలింపు పెడితే రాత్రికి పచ్చడి అవుతుంది.